పొయ్యి దగ్గరి కుర్చీలు

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది అరవై ఐదో ఏట. కొన్ని అక్షరాలు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక కెటిల్ కాఫీ పడుతుంది, కాబట్టి నిదానంగా చదవండి. రాసింది కూడా అలాగే.

ఇది నా సంగతే. కానీ 'నేను' అని రాస్తుంటే ప్రతి వాక్యం దగ్గరా ఎవరో నావైపే చూస్తున్నట్టు ఉంది. అందుకని 'హిల్మా' అని రాశాను. అలా రాస్తే ఆమెను చూసి కొంచెం గర్వపడినా తప్పు లేదనిపించింది.

బుధవారం పొద్దున్న. జింకల వేట మొదలవడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఒకప్పుడు ఈ వారంలో టమరాక్ క్రీక్ ఊళ్లో కోస్కెలా కుటుంబపు తుపాకుల దుకాణం తలుపు మూసుకునే తీరిక ఉండేది కాదు. ఆ రోజు తొమ్మిదిన్నరైనా లోపల ఉన్నది నలుగురే. కౌంటర్ వెనక రెయినో. కట్టెల పొయ్యి దగ్గర రెండు కుర్చీల్లో ఆర్వో, ఎడ్డీ. వెనక పనిబల్ల దగ్గర హిల్మా.

రెయినో హిల్మాకు మరిది. ఆమె భర్త వైనో పోయినప్పటి నుంచి దుకాణంలో సగం అతనిది, సగం ఆమెది. ఆర్వో, ఎడ్డీ దుంగల లారీలు నడిపి మానేసినవాళ్లు. ఎన్నేళ్లుగానో పొద్దున్నే వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంటారు. ఏడాదికి చెరో తూటాల పెట్టె కొంటారు. కాఫీ మాత్రం రోజూ తాగుతారు.

హిల్మా ఒక పాత రైఫిల్ మడమకు, అంటే భుజానికి ఆనించే చెక్కకు, అవిసె నూనె పట్టిస్తోంది. నాలుగు చుక్కలు వేసి, అరచేతి మడమతో రుద్దుతూ పోవాలి. చెయ్యి కాలినట్టు అనిపించేదాకా రుద్దితేనే అక్రోటు చెక్క నూనె తాగుతుంది. గుడ్డతో రుద్దితే పైన మెరుస్తుందంతే. వైనో ఆ పని నేర్పుతూ, "చెక్కకి చదవడం రాదు హిల్మా, నీ చెయ్యి ఏం చెప్తే అదే వింటుంది," అనేవాడు. ఆమెకు చదవడం రాదని తెలిసినవాడు అతనొక్కడే అని ఆమె నమ్మకం.

కౌంటర్ అద్దం కింద ఒక ఉత్తరం ఉంది. సోమవారం పోస్టులో వచ్చింది. ఎప్పటిలాగే రెయినో, "కళ్లకి కసరత్తు కావాలి," అంటూ పైకి చదివాడు. వేలంపాటల ఆయన శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాడు. సరుకంతా ఒకేసారి తీసుకుంటాడు. ఇద్దరూ సంతకం పెట్టాలి. బేరాలు లేక దుకాణం మూసేద్దామని రెయినో సంతకానికి సిద్ధంగా ఉన్నాడు. హిల్మా అవుననలేదు, కాదనలేదు. ఇన్నేళ్లూ రెయినో చూపించిన చోట సంతకం గీస్తూ వచ్చిన మనిషి ఆమె.

తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్ల అమ్మాయి, కోటు కింద ఆసుపత్రి యూనిఫాం, తెల్ల బూట్లకు మంచు. గడప దగ్గరే ఆగి చూసింది.

"తలుపు వేసెయ్యమ్మా, వేడంతా బయటికి పోతోంది," అన్నాడు ఆర్వో.

ఆమె తలుపు వేసి, రెండు కుర్చీల మధ్య నుంచి, చాచిన రెండు జతల కాళ్లు దాటుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చింది. కాళ్లు ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"మీవారి కోసమా?" అన్నాడు రెయినో.

"నాకేనండీ. జింకల వేటకి. మొదటిసారి."

"మొదటిసారి నీకా, జింకకా?" అన్నాడు ఎడ్డీ. ఆర్వో కాఫీ పొలమారేలా నవ్వాడు.

ఆమె కూడా కొంచెం నవ్వబోయి, గోడ మీది రెండు రైఫిళ్లు చూపించింది. "ఈ రెండిట్లో తేడా ఏంటండీ?"

"తెలిసినవాళ్లకి తెలుస్తుంది," అన్నాడు రెయినో. అవమానించాలని కాదు. వాళ్ల నాన్న అలాగే అనేవాడు, అది విని జనం నవ్వుతూ మరో గంట కూర్చునేవాళ్లు.

"పోనీ ధర?"

"ఏది కావాలో ముందు తేల్చుకుంటే ధర చెప్తా."

"గులాబీ రంగుది ఉందేమో లోపల చూడు రెయినో," అన్నాడు ఎడ్డీ.

ఆమె ఇంకో నిమిషం నిలబడింది. చేతి తొడుగులు ఒక్కో వేలూ సర్దుకుంటూ వేసుకుంది. "థాంక్సండీ," అని, మళ్లీ ఆ కాళ్లు దాటుకుని వెళ్లిపోయింది. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా, వేడి పోకుండా, పూర్తిగా మూసింది.

"చూశావా వదినా?" అన్నాడు రెయినో. "బేరమైనా ఆడలేదు. తిన్నగా హైవే మీది ఆ పెద్ద స్టోర్‌కే పోతుంది. అక్కడ చవక. చవకతో ఎవడు పోటీ పడగలడు?"

హిల్మా ఆ పిల్ల కొలతలు లెక్కేస్తోంది. పొట్టి చేతులు, పొడుగు మెడ, అనుకుంది. గోడ మీది రైఫిళ్లలో ఏదైనా సరే ఆ పిల్లకి అంగుళం పొడుగు. తీసుకోమని చెప్పి, మడమ దగ్గర అంగుళం కోసి ఇచ్చే మనిషి ఇక్కడే, పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఆ పది అడుగులూ ఆ పిల్ల రాలేకపోయింది.

హిల్మా చేతిలో నూనె ఆరిపోయింది.

మధ్యాహ్నం ఆమె కోటు వేసుకుంటుంటే ఎడ్డీ అడిగాడు. "మళ్లీ పళ్ల డాక్టరేనా?"

"మళ్లీ పళ్ల డాక్టరే."

"ఏడు నెలల్నుంచి బాగుచేయిస్తోంది. ఉన్నవి పదహారు పళ్లు!"

"నీకంటే పన్నెండు ఎక్కువ," అని హిల్మా బయటికి నడిచింది.

గంట ప్రయాణం. పట్నంలో పళ్ల డాక్టర్ లేడు, గ్రంథాలయం వెనక గదిలో అక్షరాలు నేర్పే లపాయింట్ టీచరమ్మ ఉంది. ఆ రోజు పాఠం అయ్యాక టీచరమ్మ, "హిల్మా గారూ, ఇవాళ ఇంటిపని పుస్తకంలోంచి కాదు. ఏదైనా దుకాణంలోకి వెళ్లి, రాసి ఉన్నవన్నీ ఒక గంట చదవండి. కొత్త మాటలు పది పట్టుకు రండి," అంది.

రోడ్డుకు అవతల ఉన్న దుకాణం ఒక్కటే. హైవే మీది పెద్ద స్టోర్.

హిల్మా ఎప్పుడూ దానిలో అడుగు పెట్టలేదు. కోస్కెలాలెవరూ పెట్టలేదు. లోపల నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ, గోడంత అద్దాల తొట్టెలో చేపలు, వాటి ముందు పిల్లలు. ఆకుపచ్చ చొక్కా మనిషి ఒకడు, "ఏమైనా కావాలంటే పిలవండి. లేదంటే ఊరికే చూసుకోండి," అని తన దారిన పోయాడు.

ఊరికే చూసుకోండి. ఆ మాట ఆమెకు కొత్తగా ఉంది.

ప్రతి రైఫిల్ కింద ఒక చీటీ ఉంది. హిల్మా మొదటి చీటీ మీద వేలు పెట్టింది. కళ్లజోడు మర్చిపోయానని అబద్ధం చెప్పాల్సిన పని లేదు, వెనక ఎవరూ తొందరపెట్టడం లేదు. మొ-ద-టి-సా-రి. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంది. వే-ట-కు. వె-ళ్లే-వా-రి-కి. అ-ను-కూ-లం. పక్క చీటీ: బరువు ఎక్కువ, దూరపు గురికి మంచిది.

పొద్దున్న ఆ పిల్ల అడిగిన దానికి జవాబు రెండు చీటీల మీద రాసి ఉంది.

అంకెలు హిల్మాకు ఎప్పుడూ వచ్చు. కింద ధర చూసింది. మళ్లీ చూసింది. ఇదే రైఫిల్ రెయినో అమ్మేదానికంటే నలభై డాలర్లు ఎక్కువ.

ఆమె ఆ చీటీ ముందు చాలాసేపు నిలబడింది. తమ దుకాణంలో ఒక్క చీటీ లేదు. అన్నీ రెయినో తలలో ఉంటాయి, వైనో తలలో ఉండేవి, అంతకుముందు వాళ్ల నాన్న తలలో. రాసిందేమీ లేదు కాబట్టే చదువురాని హిల్మా అక్కడ నలభై ఏళ్లు తలెత్తుకుని తిరిగింది. తనను దాచిపెట్టిన, చీటీలు లేని ఆ గోడే మిగిలిన వాళ్లందరినీ బయట నిలబెట్టిందని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

రెండు వరసల అవతల ఆ అమ్మాయే రైఫిల్ భుజానికి పెట్టి చూస్తోంది. మడమ భుజం మీద కాక చేతి కండ మీదికి జారింది. రైఫిల్ మీది దుర్భిణిలో చూడడానికి కొంగలా మెడ చాస్తోంది.

"బాగుందండీ, చక్కగా ఉంది," అంటున్నాడు ఆకుపచ్చ చొక్కా మనిషి.

హిల్మా దగ్గరికి వెళ్లింది. "చెయ్యి మడువు తల్లీ." రైఫిల్ మడమను అమ్మాయి మోచేతి మడతలో ఆనించింది. "ఇప్పుడు ట్రిగ్గర్ అందుకో."

వేలు కొస కూడా తగల్లేదు.

"అంగుళం పొడుగు," అంది హిల్మా. "ఇలా పేలిస్తే దుర్భిణి వచ్చి కనుబొమ్మ చీలుస్తుంది."

"ఇక్కడ కోసిస్తారా?" అని అమ్మాయి అడిగింది. ఆకుపచ్చ చొక్కా మనిషి చేతులు చాపాడు. అన్నీ ఒకే కొలతలో వస్తాయి, తామేమీ మార్చరు. ఆ మాట అతను మర్యాదగానే చెప్పాడు.

అమ్మాయి హిల్మా మొహంలోకి చూసింది. "మీరు... పొద్దున్న ఆ దుకాణంలో వెనకాల కూర్చున్నారు కదూ?"

"అవును. అది నా దుకాణమే. కొన్నాక పట్టుకురా, నేను కోసిస్తా. నీ పేరేంటి?"

"టెస్సా." ఆమె గొంతు తగ్గించింది. "ఏమనుకోకండమ్మా. రోజంతా సూదులు పొడుస్తా, కుట్లు వేస్తా, రక్తం చూస్తే నాకేం కాదు. మీ పొయ్యి దగ్గర ఆ ఇద్దర్నీ దాటి రావడానికి మాత్రం భయపడ్డాను. మళ్లీ నా వల్ల కాదు."

"ఇక్కడ నలభై డాలర్లు ఎక్కువ పోస్తున్నావు, తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? మీవాళ్లు ధర చెప్తేగా!" టెస్సా నవ్వేసింది. "పోన్లెండి. ఆ నలభై, నవ్వుల పాలు కాకుండా ఉండడానికి ఇచ్చాననుకుంటా."

హిల్మా రైఫిల్ మడమ మీద కోయాల్సిన చోటు వేలితో చూపించింది.

"వెనక తలుపేమైనా ఉందా? శుక్రవారం అటునుంచి వస్తా," అంది టెస్సా.

"ఎందుకూ? నా దుకాణానికి ముందు తలుపుంది," అంది హిల్మా.

గురువారం పొద్దున్న ఆమె రెయినోకు విషయం చెప్పింది. పెద్ద స్టోర్‌లో కొన్న రైఫిల్ ఒకటి కోయడానికి వస్తుందని మాత్రమే.

రెయినో తల అడ్డంగా ఊపాడు. "వేరే చోట కొన్నది మన బల్ల ఎక్కదు వదినా. నియమం నీకు తెలుసు. అమ్మినవాణ్ణే కోసివ్వమను."

"వాళ్లకి కోయడం రాదు."

"రాదు కాబట్టే! రాదని జనానికి తెలియాలి. తెలిసి వెనక్కి రావాలి."

"ఎక్కడికి రావాలి? వస్తే నువ్వు బల్ల ఎక్కనివ్వవుగా."

పొయ్యి దగ్గర ఎడ్డీ పకపకా నవ్వాడు. "దొరికావు రెయినో!"

"నువ్వు కాఫీ తాగు," అన్నాడు రెయినో. చెవులు ఎర్రబడ్డాయి. "పరువు అనేదొకటుంటుంది వదినా. శనివారం దాకా అదొక్కటైనా ఉండనీ."

హిల్మా తన పనిలో పడింది. మధ్యాహ్నం పనిబల్ల కింది పాత దేవదారు పలక ఒకటి తీసుకుని మేడ మీద తన ఇంటికి వెళ్లింది. ఉప్పు కాగితంతో పలకను అద్దంలా చేసింది. అది తెలిసిన పని. తర్వాత వడ్రంగి పెన్సిల్‌తో గీతలు గీసి, టీచరమ్మ నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం దింపింది. మూడుసార్లు చెరిపింది. చెరిపినచోట చెక్క పొరలు లేస్తే మళ్లీ రుద్దింది. తెల్ల రంగు డబ్బా తెరిచి సన్న కుంచె ముంచేసరికి కిటికీలో వెలుగు తగ్గిపోయింది. దుకాణంలో నలభై ఏళ్లుగా ఎవరి రైఫిల్‌కీ ఆమెకు ఇంత పొద్దు పట్టలేదు. ఆ మూడు వరసలకి పట్టింది.

శుక్రవారం అందరికంటే ముందు దిగి పలకను తలుపు పక్కన మేకుకు తగిలించింది. పొయ్యి దగ్గరి రెండు కుర్చీలు ఒక్కొక్కటే ఎత్తి బయట వసారాలో వేసింది. వాటి మీద మడిచిన దుప్పటి ఒక్కోటి పెట్టింది, మరీ దయలేకుండా కాదు.

మొదట ఆర్వో, ఎడ్డీ వచ్చారు. కుర్చీల వంక చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎడ్డీ పలక మీదిది పైకి చదివాడు.

"ఎక్కడ కొన్నదైనా తీసుకురండి. మీ భుజానికి సరిపోయేలా చేస్తాం. ఏదైనా అడగండి, ఎవరూ నవ్వరు." అతను గడ్డం గోక్కున్నాడు. "నవ్వకపోతే మాకు పొద్దెలా గడుస్తుంది హిల్మా?"

"వసారాలో నవ్వుకోండి. కాఫీ అక్కడికే వస్తుంది."

అప్పుడే రెయినో వచ్చాడు. పలక ముందు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి గాని, ఎప్పటిలా పైకి చదవలేదు.

"ఎవరితో రాయించావు?"

"రాయించలేదు. రాశాను."

రెయినో చెయ్యెత్తాడు. తీసి కింద పెడతాడేమోనని హిల్మా మేకు వైపు చూసింది. అతను చూపుడు వేలితో చివరి అక్షరాన్ని తాకాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలికి తెల్లగా అంటింది. ఆ వేలును కాసేపు చూసుకుని, ప్యాంటుకు తుడుచుకోకుండానే లోపలికి వెళ్లాడు.

పదింటికి టెస్సా వచ్చింది. భుజాన రైఫిల్ పెట్టె. వసారాలో కుర్చీలు చూసి అడుగు ఆగింది. ఆర్వో దుప్పటిలోంచి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

లోపల రెయినో మెల్లగా అన్నాడు. "వదినా, నియమం..."

"సగం దుకాణం నీది రెయినో. ఈ బల్ల నా సగంలో ఉంది," అంది హిల్మా.

ఆమె టెస్సా స్వెటర్ వంక చూసి, గోడకున్న వైనో నారింజ రంగు వేట కోటు తీసింది. "ఇది వేసుకో. రేపు అడవిలోకి స్వెటర్‌తో వెళ్తావా? కోటు మందం కలపకుండా కొలిస్తే కొలతే కాదు." కోటు మీద మోచేయి మడిపించి, ట్రిగ్గర్ దాకా చూసి, పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. అంగుళం మీద పావు.

మడమ చివరనున్న రబ్బరు మెత్త మరలు విప్పింది. కోసేచోట చెక్క అంచు చీలకుండా చుట్టూ పట్టీ అంటించి గీత గీసింది. మడమకు రెండు వైపులా తోలు ముక్కలు పెట్టి బల్లకు బిగించింది. సన్నపళ్ల రంపం. మొదటి నాలుగు లాగుళ్లు వెనక్కే, బరువు వేయకుండా. తర్వాత పొడుగ్గా, ఒకే ఊపిరిలా. పొట్టు తీపి వాసన వేసింది. ఒకసారి కోసింది మళ్లీ అతకదు, అందుకే ఆ కాసేపు హిల్మా ఎవరితోనూ మాట్లాడదు. టెస్సా ముందుకు వంగి చూసింది. తెగిన ముక్క చేతిలోకి రాలింది, బిస్కెట్‌లా.

మెత్తను కొత్త అంచుకు సరిపడా అరగదీసి మరలు బిగించింది. నాలుగు చుక్కల నూనె. అరచెయ్యి కాలేదాకా రుద్దింది. దుర్భిణిని వేలెడు వెనక్కి జరిపింది.

"కళ్లు మూసుకో. భుజానికి పెట్టు. ఇప్పుడు తెరువు. ఏం కనిపిస్తోంది?"

"గుండ్రంగా... మొత్తం కనిపిస్తోంది. నల్ల అంచు లేదు." టెస్సా రైఫిల్ దించలేదు. "మెడ చాచక్కర్లేదు! నాతోనే పుట్టినట్టుంది."

కౌంటర్ వెనక నుంచి రెయినో ఎప్పుడు దగ్గరికొచ్చాడో, టెస్సా భుజం దగ్గర మడమ కూర్చున్న తీరు చూస్తున్నాడు. అతని కంటికి అబద్ధం చెప్పడం రాదు. "వైనో కోత," అన్నాడు.

"నా కోత," అంది హిల్మా.

అప్పుడు తలుపు తెరుచుకుని ఎర్రటి ముక్కుతో ఆర్వో తల లోపలికి వచ్చింది. "రెయినో, బయట గడ్డకట్టుకు పోతున్నాం..."

"తలుపు వేసెయ్యండి," అంది టెస్సా, "వేడంతా బయటికి పోతోంది."

ఆర్వో తల అక్కడే ఆగింది. ముందు రెయినోకే నవ్వు వచ్చింది, భుజాలు కదిలిపోయేలా. ఆర్వో పలక వైపు వేలు చూపించాడు. "ఎవరూ నవ్వరని రాసుంది కదా!"

"అది అడిగినవాళ్లకి," అంది హిల్మా. "నువ్వేమీ అడగలేదు."

టెస్సా వెళ్తూ తూటాలు, చేతి తొడుగులు, రైఫిల్ తుడిచే నూనె కొంది. ప్రతిదాని ధరా అడిగింది. రెయినో ప్రతిదాని ధరా చెప్పాడు.

పావుగంటకి ఒక తండ్రి, కూతురు వచ్చారు. చేతిలో పెద్ద స్టోర్ పెట్టె. తండ్రి గడపలోనే నిలబడి, "బోర్డు చూశామండీ. ఇది ఇక్కడ కొన్నది కాదు మరి..." అని నసిగాడు.

హిల్మా చేతిలోని రంపం కింద పెట్టింది. రెయినోనే కౌంటర్ అడ్డుచెక్క ఎత్తి ఇవతలికి వచ్చాడు.

"బల్ల మీద పెట్టండి. పాప కోటు తెచ్చారా?"

ఆ సాయంత్రం దాకా రంపం ఆగలేదు. మధ్యలో ఎడ్డీ లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే చీపురు తీసుకుని పొట్టు ఊడ్చాడు. నిలబడి కాఫీ తాగాడు.

శనివారం వేట మొదలైంది. తెల్లవారుజాము నుంచి అడవివైపు దూరదూరంగా చప్పుళ్లు. ఊళ్లో మనుషుల్లేరు. పదకొండున్నరకి రెయినో అద్దం కింద నుంచి ఉత్తరం తీశాడు. "కళ్లకి కసరత్తు," అనలేదు. మడతలు విప్పి, చేత్తో సాపు చేసి, హిల్మా ముందు పనిబల్ల మీద పెట్టాడు.

"నలభై ఏళ్లు నేను చదివాను వదినా. ఇక నువ్వు చదువు."

హిల్మా తలెత్తి అతన్ని చూసింది. అంటే తనకు చదవడం రాదని నలభై ఏళ్లూ అతనికి తెలుసు. ఒక్కరోజు కూడా మాటల్లో, ఎగతాళిలో, కోపంలో అది బయటపెట్టలేదు. నోటికి అంత దురుసు మనిషి.

ఆమె వేలు పెట్టి చదివింది. చాలాసేపు పట్టింది. రెయినో పొయ్యిలో కట్టె వేసి వచ్చాడు, తొందరపెట్టలేదు. మూడో వరస దగ్గర ఆమె వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

"'మూతపడిన దుకాణపు మిగులు సామాను' అని రాసుంది ఇక్కడ. సోమవారం నువ్విది చదవలేదే?"

"నోరు రాలేదు," అన్నాడు రెయినో.

హిల్మా కాగితం తిరగేసింది. చెవి వెనక నుంచి వడ్రంగి పెన్సిల్ తీసి, ఖాళీ వైపున ఒకే వాక్యం రాసింది. మా దుకాణం తెరిచే ఉంది. దాని కింద తన పేరు రాసింది. ఎవరో చూపించిన చోట కాదు, తనకు కావలసిన చోట. పెన్సిల్ రెయినోకి ఇచ్చింది. అతను ఆ వాక్యాన్ని గొంతెత్తి, దుకాణమంతా వినపడేలా చదివి, ఆమె పేరు కింద తన పేరు రాశాడు.

బయట కారు ఆగిన చప్పుడైంది. వేలంపాటల ఆయన పలక ముందు నిలబడి చదువుకోవడం అద్దంలోంచి కనిపించింది. హిల్మా కాగితం మడిచి చేతిలో పట్టుకుని, ముందు తలుపు తానే తెరిచింది.

హిల్మా కోస్కెలా. డెబ్బై రెండేళ్లు. టమరాక్ క్రీక్‌లో, దుకాణం మీది మేడలో ఉంటున్నాను. దుకాణం ఆదివారం తప్ప అన్ని రోజులూ తెరిచే ఉంటుంది.